అమ్మేవాడి మౌనం

అమ్మకంలో అబద్ధమాడకూడదని మనకందరికీ తెలుసు. సత్యోపదేశం తరగతిలో కూర్చున్న ఏడేళ్ల పిల్లవాడిని అడిగినా ఆ మాట చెబుతాడు. అందులో చర్చించవలసినది పెద్దగా ఏమీ లేదు. కాని అబద్ధమాడకుండానే, నోరు మూసుకుని కూర్చునే మనిషి సంగతేమిటి? అడగని దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత అమ్మేవాడి మీద ఉన్నదా? 'కళ్లున్నాయి, చూసుకున్నాడు, కొన్నాడు, నాదేం తప్పు?' అనే మాట న్యాయమేనా? ఈ వారం ఈ ప్రశ్నను తీసుకుందాం.

ఉదాహరణకు గేదెనో, పొలాన్నో, పాత ఇంటినో తీసుకోవచ్చు. కాని గేదె పేరెత్తగానే మనలో సగం మందికి ఎవరి గేదె వారికి గుర్తుకొస్తుంది, తీర్పు ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకని కావాలనే మన ఊళ్లలో కనపడని వస్తువును ఎంచుకున్నాను. అయితే అది మరీ పరాయిది కూడా కాదు. మన విచారణల్లోని ఎన్నో కుటుంబాల పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ వారు కార్లు కొంటారు, కొన్నేళ్లకు అమ్ముతారు. దుకాణదారుకు ఇస్తే తక్కువ ధర వస్తుందని స్వయంగా ప్రకటన ఇచ్చి, వచ్చిన మనిషికి తామే చూపించి అమ్ముతారు.

కాలిఫోర్నియా రాష్ట్రంలో అటువంటి ఒక యువకుడు ఉన్నాడనుకుందాం. అతని దగ్గర 1990 నాటి మాజ్డా మియాటా కారు ఉంది. ఇద్దరే కూర్చోగలిగే చిన్న కారది. పైన గట్టి కప్పు ఉండదు. గుడ్డ కప్పు ఉంటుంది, ఎండ బాగుంటే దాన్ని మడిచి వెనక్కి వేసుకుని గాలిలో పోవచ్చు. జపాన్‌లోని హిరోషిమాలో తయారయ్యే ఈ కారును 1989లో చికాగో మోటారు ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. అప్పట్లో అమెరికాలో దాని ప్రారంభ ధర 13,800 డాలర్లు. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయంటే జనం దాన్ని ఎంత ఇష్టపడ్డారో తెలుస్తుంది. గుర్రమూ రౌతూ ఒకే శరీరమైనట్టు ఉండాలన్నది దాన్ని తయారుచేసినవారి ఆదర్శం. జపాను భాషలో దానికి ఒక మాట కూడా ఉంది. ఈ గుర్రాన్ని కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మన యువకుడు పెండ్లికి ముందు ఆ కారును సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఊరికే తోలలేదు, మార్చాడు. ఇంజనుకు టర్బో బిగించి బలం పెంచాడు. కంపెనీవారు ఇచ్చింది 116 గుర్రాల శక్తి, ఇప్పుడు చాలా ఎక్కువ. అసలు స్ప్రింగులు తీసి పొట్టివి వేశాడు, కారు నేలకు దిగింది. పొగ గొట్టం మార్చాడు. పొగలోని విషాన్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టరును ఊడదీశాడు. కంపెనీ స్టీరింగు తీసి తోలు చుట్టిన చిన్న స్టీరింగు పెట్టాడు. సెలవు రోజులన్నీ గ్యారేజీలోనే గడిచాయి. ఇప్పుడు ఇంట్లో చంటిబిడ్డ ఉన్నాడు. రెండు సీట్ల కారులో ముగ్గురు పట్టరు. కనుక అమ్ముతున్నాడు. ఇందులో ఏ దోషమూ లేదు, పైగా అది మంచి నిర్ణయం.

అయితే అతనికి ఆ కారు గురించి ఏమేమి తెలుసో చూద్దాం. 1990, 91 నాటి మొదటి మియాటాలలో క్రాంక్‌షాఫ్టు ముందు కొస పొట్టిగా ఉండేది. దాని బోల్టు సరిగ్గా బిగించకపోతే గాడి అరిగిపోయి, క్రమంగా ఇంజను లయ తప్పుతుంది. షాఫ్టే మార్చవలసి వస్తుంది, అది పెద్ద ఖర్చు. ఆ మోడలు ప్రేమికులందరికీ ఈ సంగతి తెలుసు. కొత్తగా కొనేవాడికి తెలియదు. వెనక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ కంపెనీవారు ఇచ్చిన బలానికి తగినదే తప్ప టర్బో బలానికి తగినది కాదు. గుడ్డ కప్పు మీద పడిన వాన నీరు సీట్ల వెనకనుండి చిన్న గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు పడి అవి మూసుకుపోతే నీరు తలుపుల కింది పెట్టెభాగంలో నిలిచి, లోపలినుంచి తుప్పు పడుతుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక చక్రానికి ముందు ఒకచోట రంగు బుడగలెత్తితే, పుట్టీ పెట్టి రంగు కొట్టించాడనుకోండి, ఇక దాన్ని దేవుడూ అతనూ తప్ప ఎవరూ చూడలేరు.

అన్నిటికంటే ముఖ్యమైనది స్టీరింగు. అమెరికాలో అమ్మిన మియాటాలకు మొదటినుంచీ డ్రైవరు ఎదుట స్టీరింగులోనే ఎయిర్‌బ్యాగు ఉండేది. గుద్దుకున్నప్పుడు క్షణంలో ఉబ్బి ఛాతీని, ముఖాన్ని కాపాడేది అదే. ఆ స్టీరింగు తీసివేయడంతో అదీ పోయింది. కొత్త స్టీరింగు చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. ఫొటోలో ముందుగా కనపడేది అదే.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. అమెరికాలో పాత కార్లు అమ్మే వ్యాపారులు ప్రతి కారు అద్దానికి ఒక వివరాల పత్రం అంటించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఉంది. 1984లో చేసిన ఆ నియమం 1985 నుంచి అమలులోకి వచ్చింది. కాని 12 నెలల్లో ఐదుకు మించి కార్లు అమ్మేవారికే అది వర్తిస్తుంది. సొంత కారు అమ్ముకునే మన యువకుడికి వర్తించదు. మీటరు వెనక్కి తిప్పడం మాత్రం 1972 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఎవరు చేసినా నేరమే. మిగిలిన విషయాల్లో చాలా రాష్ట్రాల్లో 'ఉన్నది ఉన్నట్టు' అని వ్రాసి సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. మసాచుసెట్స్ రాష్ట్రం ఇందుకు భిన్నం. అక్కడ సొంత కారు అమ్మేవాడైనా, భద్రతకో వాడకానికో గట్టిగా అడ్డుపడే లోపం తనకు తెలిసి ఉంటే కొనేవాడికి చెప్పి తీరాలి. ఒకే దేశంలో ఒక రాష్ట్రం చెప్పాలంటుంది, పక్క రాష్ట్రం పట్టించుకోదు. మనిషి మనస్సాక్షి రాష్ట్ర సరిహద్దు దాటగానే మారిపోతుందా? మారదు గదా. కనుక చట్టం ఈ ప్రశ్నను మొదలుపెట్టగలదే గాని ముగించలేదు.

మన దేశపు చట్టంలో ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి ఒకటి ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను మోసాన్ని నిర్వచించి, కింద కొన్ని ఉదాహరణలు ఇస్తుంది. అక్కడ ఉన్నది గుర్రమే. ఒకడు రోగమున్న గుర్రాన్ని తెలిసి తెలిసీ వేలంలో అమ్ముతాడు, ఏమీ మాట్లాడడు. అది మోసం కాదంటుంది చట్టం. తరువాతి ఉదాహరణలో కొన్నది అప్పుడే మైనారిటీ తీరిన అతని సొంత కూతురు. అప్పుడు ఆ బంధుత్వమే అతనిచేత నోరు విప్పించాలంటుంది. మూడవ ఉదాహరణలో కొనేవాడు, నీవు కాదనకపోతే గుర్రం బాగున్నదనే అనుకుంటానని ముందే చెబుతాడు. అప్పుడు మౌనమూ మాటతో సమానమే అవుతుంది.

నేను సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన రోజుల్లో న్యాయశాస్త్ర గ్రంథాలు పొడిగా ఉంటాయని అనుకునేవాణ్ణి. ఈ మూడు వాక్యాలు అలా లేవు. గుర్రం అదే, రోగం అదే, మౌనం అదే. కొన్నది కూతురైతే మోసం, ఎదుటి వీధివాడైతే వ్యాపారం. చట్టానికి ఈ తేడా అవసరం కావచ్చు, దాని పని అది. కాని కూతురి పట్ల తప్పయినది పరాయివాడి పట్ల ఎందుకు తప్పు కాదని అడిగితే చట్టం దగ్గర జవాబు లేదు. అసలు నా పొరుగువాడు ఎవడని యేసుప్రభువును అడిగినవాడు కూడా ఒక ధర్మశాస్త్ర పండితుడే. ఎక్కడ గీత గీసి ఆగిపోవచ్చో తెలుసుకోవాలన్నది అతని ఆరాటం. ప్రభువు జవాబు మీకు తెలిసినదే, మళ్లీ చెప్పను.

క్రైస్తవులు కానివారు కూడా ఈ విషయం మీద ఎంతో లోతుగా ఆలోచించారు. క్రీస్తుపూర్వం 44లో రోమను వక్త సిసెరో తన కుమారుడి కోసం కర్తవ్యాల మీద ఒక గ్రంథం వ్రాశాడు. అందులో ఒక కేసు ఉంది. రోడ్సు దీవిలో కరువు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియానుంచి ధాన్యం ఓడ తెచ్చాడు. వెనకాల ఇంకా ఎన్నో ఓడలు వస్తున్నట్టు దారిలో చూశాడు. ఆ సంగతి చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా? డయోజెనిస్ అనే తత్త్వవేత్త, చట్టం కోరినంతవరకు లోపం చెబితే చాలు, మిగిలినది చెప్పకపోవడం వేరు, దాచడం వేరన్నాడు. అతని శిష్యుడు ఆంటిపేటరు ఒప్పుకోలేదు. మనుషులంతా ఒకే సమాజమని నమ్మితే, నీకు తెలిసినది ఎదుటివాడికి అవసరమైనప్పుడు తొక్కిపెట్టే హక్కు నీకెక్కడిదన్నాడు. సిసెరో శిష్యుడి వైపే మొగ్గాడు. ప్రతి మౌనమూ దాచడం కాదని ఒప్పుకున్నాడు. కాని తెలుసుకుంటే మేలు పొందే మనిషిని, నీ లాభం కోసమే తెలియకుండా ఉంచితే అది దాచడమేనన్నాడు.

ఆ గ్రంథంలోనే మరో కథ ఉంది. కానియస్ అనే రోమను పెద్దమనిషికి సిరక్యూజ్ పట్టణంలో ఒక తోట కావాలి. పిథియస్ అనే వడ్డీ వ్యాపారి అతన్ని భోజనానికి పిలిచి, ముందుగానే జాలర్లందరినీ రప్పించి తన తోట ముందే చేపలు పట్టించాడు. ఊళ్లోని చేపలన్నీ ఇక్కడే ఉంటాయని అతిథి నమ్మి, మోజుపడి అడిగినంత ఇచ్చి కొన్నాడు. మర్నాడు చూస్తే ఒక్క పడవ లేదు. అసలు ఆ జాలర్లెవరూ అక్కడ చేపలు పట్టరు. పిథియస్ అబద్ధం ఆడకుండా ఉండినా ఫలితం అదే అయ్యేది, ఎందుకంటే పడవలే అబద్ధం చెప్పాయి. కొనేవాడు రాకముందే ఇంజనును వేడెక్కించి పెట్టడం గురించి మీరు విని ఉంటారు. చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు వినపడకుండా అలా చేస్తారు. ఇంజను కింద కారిన నూనె మరకను తెల్లవారగట్ల కడిగేయడమూ అంతే. ఇవి మౌనం కాదు, పిథియస్ పడవలు.

ఇప్పుడు పునీత తోమాసు అక్వినాసువారి దగ్గరకు వద్దాం. 13వ శతాబ్దంలో ఆయన తన మహాగ్రంథంలో క్రయవిక్రయాల కోసం ఒక పూర్తి ప్రశ్నను, 77వ ప్రశ్నను, కేటాయించారు. ఆయన మనలను భయపెట్టరు, విడదీసి చూపిస్తారు. లోపం బయటికి కనపడుతున్నదా, లోపల దాగి ఉన్నదా అన్నది మొదటి విభజన. గుర్రానికి ఒక కన్ను లేదనుకోండి, అది అందరికీ కనపడుతుంది. ధర తగ్గించి అడిగితే చాలు, నోటితో చెప్పనక్కరలేదు. కాని దాగి ఉన్న లోపం కొనేవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే చెప్పి తీరాలి. కుంటి గుర్రాన్ని పరుగుల గుర్రంగా, కూలబోయే ఇంటిని గట్టి ఇల్లుగా అమ్మడం ఆయన ఇచ్చిన ఉదాహరణలే.

ఆ వెంటనే ఆయన ఎంతో లోకజ్ఞానంతో ఒక మాట చేర్చారు. లోపాన్ని ఊరంతా దండోరా వేయనవసరం లేదట. అలా వేస్తే వస్తువులోని మంచి గుణాలు తెలియకముందే జనం పారిపోతారు. కాని కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ విడిగా చెప్పాలి, అప్పుడు అతడు మంచినీ చెడునూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. ప్రకటనకూ సంభాషణకూ మధ్యనున్న ఈ తేడా ఈనాటికీ అంతే సరిగ్గా సరిపోతుంది. మన యువకుడు నాలుగు పంక్తుల ప్రకటనలో తుప్పు సంగతి వ్రాయలేదని ఎవరూ తప్పుపట్టరు. కాని కారు చూడడానికి ఒక మనిషి గంటసేపు ప్రయాణం చేసి వచ్చి ఎదుట నిలబడినప్పుడు, సంతకాలకు ముందే చెప్పాలి. నన్నడిగితే, ఆ మనిషి బయలుదేరక ముందు ఫోనులోనే చెప్పడం మరింత మర్యాద.

ఇక్కడ నాకొక చిక్కు కనపడుతుంది. అక్వినాసువారి కాలంలో ఒంటికన్ను గుర్రం ఎవరికైనా ఒంటికన్నుదే. మార్పులు చేసిన కారులో 'కనపడే లోపం' అంటే ఎవరికి కనపడేది? స్టీరింగు మారిందని, అందులో ఎయిర్‌బ్యాగు లేదని ఆ కార్ల మీద మోజున్న కుర్రాడు పది గజాల దూరంనుంచే గుర్తుపడతాడు. కొడుకు కోసం డబ్బు చెల్లించే తల్లి గుర్తుపట్టదు. ఆమె కళ్ల ఎదుటే ఉన్నా ఆమెకు అది దాగి ఉన్న లోపమే. కనుక లోపం దాగి ఉన్నదా లేదా అన్నది వస్తువును బట్టి మాత్రమే కాదు, చూసే మనిషిని బట్టి కూడా నిర్ణయించాలి. ఎదుటివాడికి ఎంత తెలుసో కనుక్కోవడం అమ్మేవాడి బాధ్యతలోనే ఒక భాగమవుతుంది.

మరొక విషయం. దీన్ని నేనెక్కడా చదవలేదు, ఆలోచించగా తోచింది. మామూలు పాత కారు అమ్మేవాడు యజమాని మాత్రమే. కారును తయారుచేసింది కంపెనీ. అనుమానం వస్తే పుస్తకం ఉంది, ఏ మెకానిక్కు అయినా ఏ బోల్టు ఎంత బిగించాలో అందులో చూసి చెప్పగలడు. కాని టర్బో బిగించి, స్ప్రింగులు మార్చి, తీగలు కోసి అతికించిన కారుకు పుస్తకం లేదు. ఆ కారుకు సంబంధించినంతవరకు మన యువకుడు యజమాని మాత్రమే కాదు, సగం తయారీదారు. ఆ కారు ఎలా పనిచేస్తుందో, దేనికి లొంగుతుందో, ఎక్కడ తిరగబడుతుందో లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ తెలివిడి కారులో ఒక భాగం. ఇంజనునూ చక్రాలనూ ఇచ్చి దాన్ని ఇవ్వకపోతే వస్తువును పూర్తిగా అప్పగించనట్టే. వ్యాపారిని కట్టేసే నియమం తనకు లేదు గనుక తనకు స్వేచ్ఛ ఎక్కువని అతడు అనుకోవచ్చు. నిజం అందుకు తలక్రిందులు. ఏలం పాటలో కొని మర్నాడు అమ్మేసే వ్యాపారికి కారు చరిత్ర ఏం తెలుస్తుంది? ఇతనికి మొత్తం తెలుసు. తెలిసినవాడి మీదనే బరువు ఎక్కువ.

కాబట్టి బిల్లులన్నీ ఒక కవరులో పెట్టి ఇవ్వాలి. ఏ భాగం ఎప్పుడు మార్చినది, ఎవరిచేత చేయించినది, స్వయంగా చేసినదేది, ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. ఊడదీసిన అసలు భాగాలు ఇంకా ఉంటే వాటిని కూడా. ఇదంతా ఒక సాయంత్రం పని.

కాటలిటిక్ కన్వర్టరు సంగతి వేరుగా చెప్పాలి. కాలిఫోర్నియాలో ఇటువంటి కారు చేతులు మారేటప్పుడు పొగ పరీక్ష పత్రం ఇవ్వవలసింది అమ్మేవాడే. పరీక్షలో పొగను కొలవడమే కాక ఇంజనులో అనుమతి లేని భాగాలున్నాయేమో కళ్లతో కూడా చూస్తారు. బయటి కంపెనీల టర్బోలకు ఆ రాష్ట్రపు వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి సంఖ్య ఉండాలి. అందుకని కొందరు చేసే ఉపాయం ఏమిటంటే, పాత భాగాలను పరీక్ష కోసం బిగించి, పత్రం చేతికి రాగానే మళ్లీ ఊడదీయడం. పత్రం దొంగది కాదు, సంతకం దొంగది కాదు, ఆ రోజు పొగ కూడా శుభ్రమే. కాని ఆ కాగితం వర్ణించిన కారు ఇప్పుడు లోకంలో లేదు. ఇందులో మోసపోయేది కొనేవాడు మాత్రమే కాదు. ఒప్పందంలో సంతకం పెట్టని వారు, ఆ ఊరి గాలి పీల్చేవారు, వారికి ధర తగ్గించి నష్టపరిహారం ఇవ్వడం కూడా కుదరదు. కొనేవాడు స్వయంగా 'తీసేసి ఇవ్వు, నాకదే ఇష్టం' అన్నా ఈ విషయంలో అతని అంగీకారం చాలదు.

ఇక మామూలుగా వినపడే అభ్యంతరం ఒకటుంది. 'అన్నీ చెబితే ఎవడు కొంటాడు ఫాదర్? చెప్పనివాడు బాగుపడతాడు, చెప్పినవాడు నష్టపోతాడు.' ఇందులో కొంత నిజముంది, దాచను. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికను ఆర్థికశాస్త్రవేత్త పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం వ్రాశాడు. అమెరికాలో చెడ్డ కారును 'నిమ్మకాయ' అంటారు. (మన ఊళ్లలో కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, అక్కడ బండే నిమ్మకాయ!) ఆయన వాదన ఇది: ఏ కారు మంచిదో ఏది చెడ్డదో కొనేవాడికి తెలియదు గనుక సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, సంతనుంచి తప్పుకుంటాడు. మిగిలినవి ఇంకా చెడ్డవి. అది గ్రహించి కొనేవాడు ధర మరింత తగ్గిస్తాడు. చివరికి నిజాయితీపరుడికి అక్కడ చోటే ఉండదు. 2001లో ఆయనకు మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే అందరూ మౌనంగా ఉండడం వలన అమ్మేవారికి కూడా నష్టమేనని గణితం చూపించింది. కాని జాగ్రత్తగా చూడండి, చెప్పిన ఒక్కడికి ఈ వారంలో నష్టం రాదని మాత్రం ఆ గణితం హామీ ఇవ్వదు. రావచ్చు. నాలుగు వందల డాలర్లో, వెయ్యి డాలర్లో తగ్గవచ్చు. అది నిజాయితీకి తగిలిన జరిమానాగా మన యువకుడికి అనిపిస్తుంది. అసలైతే ఆ డబ్బు మొదటినుంచీ అతనిది కాదు, తుప్పుదీ అరిగిన గాడిదీను.

ధర విషయంలో మరొక మెలిక ఉంది. 'టర్బోకు ఇంత పెట్టాను, స్ప్రింగులకు ఇంత, నా శ్రమ ఎంత!' అని అతడు లెక్క వేస్తాడు. మార్పులు చేసిన కారుకు తరచుగా, ముట్టుకోని కారుకంటే తక్కువ ధర పలుకుతుందని తెలిసి బాధపడతాడు. కాని ఆ ఖర్చు అతడు తన ఆనందం కోసం పెట్టాడు, ఆనందం అనుభవించాడు కూడా. భోజనం చేసిన తరువాత విస్తరి ధర అడగము గదా. అక్వినాసువారు ఇక్కడ కూడా ఒక న్యాయమైన సందు ఇస్తారు. వస్తువును వదులుకోవడం వలన అమ్మేవాడికి నిజంగా నష్టం కలిగితే ఆ నష్టాన్ని ధరలో చేర్చుకోవచ్చు. కాని కొనేవాడి అవసరం ఎక్కువని చూసి ధర పెంచకూడదు. ఎందుకంటే ఆ అవసరం కొనేవాడి సొత్తు, నీది కానిదాన్ని నీవు అమ్మలేవు. ఎంత సూక్ష్మంగా చెప్పారో చూడండి! ఇష్టమైన కారు గనుక కొంత ఎక్కువ అడుగుతున్నానని పైకి చెప్పి అడిగితే అది తప్పు కాదు. ఎదుటి కుర్రాడి కళ్లు మెరవడం చూసి పెంచితే తప్పు.

కొనేవాడు దేవదూత అని నేననడం లేదు. సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో కొనేవాడి వేషం కూడా ఉంది, ఇంటికి వెళ్లి చదువుకోండి. భర్త పోయిన స్త్రీ ఎవరైనా ఆయన గ్యారేజీలో వదిలిన ఇటువంటి కారునే పాత సామాను ధరకు అమ్ముతున్నదనుకుందాం. వచ్చినవాడికి దాని అసలు విలువ తెలుసు. అప్పుడు మౌనం ఎవరిది? పునీత అగుస్తీనువారు త్రిత్వంమీద వ్రాసిన గ్రంథంలో, పదమూడవ భాగంలో, తనకు తెలిసిన ఒక మనిషిని గురించి చెప్పారు. ఎవరో ఒక వ్రాతప్రతి అమ్మడానికి తెచ్చాడు, దాని విలువ తెలియక చాలా కొద్దిగా అడిగాడు. ఆ మనిషి న్యాయమైన ధర, అంటే దానికంటే ఎంతో ఎక్కువ, తానే లెక్కకట్టి ఇచ్చాడు. అమ్మేవాడు అసలు ఎదురుచూడనే లేదు. అందరూ చవకగా కొని ప్రియంగా అమ్మాలనే కోరుకుంటారని ఒక నటుడు సభలో అన్న మాటను ఖండించడానికి అగుస్తీనువారు ఈ ఉదాహరణ తెచ్చారు. ఒక్కడున్నా చాలు, 'అందరూ' అన్న మాట తప్పేనని ఆయన తర్కం.

చివరిగా కష్టమైన ప్రశ్న మిగిలింది. కారు చూడడానికి వచ్చినవాడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు. లైసెన్సు వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. తల్లి పక్కన నిలబడి ఉంది, డబ్బు ఆమెది. కుర్రాడు అడిగిన ప్రశ్నలన్నీ వేగం గురించే. మన యువకుడు తుప్పు చూపించాడు, క్రాంక్‌షాఫ్టు సంగతి చెప్పాడు, ధర తగ్గించాడు. లోపాలన్నీ చెప్పేశాడు గనుక ఇక అమ్మవచ్చునా? స్నేహితుడు బాగున్నప్పుడు దాచమని ఇచ్చిన కత్తిని, అతనికి మతి చలించిన తరువాత అడిగితే తిరిగి ఇవ్వాలా అని ప్లేటో గ్రంథంలో సోక్రటీసు అడుగుతాడు. ఈ కుర్రాడికి మతి చలించలేదు, వయసొచ్చింది, అంతే. వచ్చిన ప్రతి మనిషి స్వభావాన్నీ పరీక్షించి అమ్మమని ఏ నీతిశాస్త్రమూ కోరదు. కోరితే పొగరుబోతు ఎద్దునూ, మోటారు సైకిలునూ, ఆఖరికి వంటింటి కత్తినీ ఎవరూ అమ్మలేరు.

కాని ఆ తల్లి మన యువకుడి వైపు తిరిగి, 'మా వాడికి ఇది పరవాలేదంటారా?' అని అడిగిందనుకోండి. కాంట్రాక్టు చట్టంలోని మూడవ ఉదాహరణ గుర్తుందా? ఇక మౌనానికి చోటు లేదు. 'కారు మంచిదేనండి' అన్న మాట నిజమే అయినా ఆమె అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆమె అడిగింది కారు గురించి కాదు. నా అభిప్రాయంలో అతడు ఇలా చెప్పాలి: 'అమ్మా, దీని బలం కంపెనీ ఇచ్చినదానికంటే చాలా ఎక్కువ. వానలో వెనక చక్రాలు జారుతాయి. దీన్ని తోలడం నాకే ఏడాది పట్టింది. ఈ స్టీరింగులో ఎయిర్‌బ్యాగు లేదు.' ఆ తరువాత కొనాలో వద్దో వారి ఇష్టం. కొంటామంటే, అతని గ్యారేజీలో అట్టపెట్టెలో పాత స్టీరింగు ఇంకా ఉండే ఉంటుంది. తెలిసిన మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్లి, ఆ ఎయిర్‌బ్యాగు ఇంకా పనిచేసే స్థితిలో ఉన్నదో లేదో చూపించి, ఉంటే బిగించిన తరువాతే తాళాలు ఇవ్వవచ్చు. అమ్మకం రెండు రోజులు ఆలస్యమవుతుంది.